అమ్మలు ఓడకు మొదటి తాడు

మార్చి 4, మంగళవారం. పోటు నిండు: ఉదయం 9:40

తెచ్చింది! నా తల్లి ఓడ తెచ్చింది! రెండు వందల పది మీటర్ల ఓడ, ఎర్ర పొట్ట, నల్ల నడుము, పైన తెల్లటి అంతస్తుల మేడ. నది మధ్యలోంచి ఒక్కతే నడిపించుకుని తెచ్చి మూడో గట్టుకు ఆనించింది. పక్కన పెద్ద పైలట్ లేడు, తప్పు దిద్దే పంతులు లేడు. నా కూతురే పైలట్!

ఇన్నేళ్లుగా ఈ పుస్తకంలో అంకెలే రాశాను. ఏ రోజు పోటు ఎన్ని గంటలకు నిండుతుంది, ఆటు ఎప్పుడు మొదలవుతుంది, అంతే. రేవులో నలభై ఏళ్లు ఓడలు కట్టే తాళ్లు వేసినవాణ్ణి, పని మానేసి ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు. "మీరు రాయకపోతే ఆ నీళ్లు రావడం మానేస్తాయా?" అంటుంది మా ఆవిడ. అననీ. ఇవాళ అంకెలు చాలవు, అందుకే మాటలు రాస్తున్నాను. అక్షరాలు వంకరగా పడితే పడనీ, చదివేది నేనే.

తెల్లవారకముందే లేచి పాత బూట్లకు పాలిష్ పెట్టుకుంటుంటే మా ఆవిడ చూసి, "పెళ్లిచూపులకా, తాడు లాగడానికా?" అంది. "రెండూ" అన్నాను.

నది వంపు దగ్గర మిల్లు గొట్టాల వెనక నుంచి ముందు దాని ముక్కు కనిపించింది. ఊరి మధ్యలో ఓడ వస్తుంటే ఇళ్ల మధ్యలోంచి ఇంకో వీధి లేచి నడిచి వస్తున్నట్టుంటుంది. ఓడను లాగే టగ్గు పడవలు రెండు, ఒకటి ముందు, ఒకటి వెనక. పోటు నీళ్లతో పాటు పైకి వచ్చి, నీరు నిలబడే ఆ పావుగంటలో గట్టుకు చేర్చాలి. ఆ పావుగంట దాటితే నది వెనక్కి తిరుగుతుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అమ్మలు పన్నెండు నిమిషాల్లో ఆనించింది. గట్టు రబ్బరు దిమ్మలు 'హుఁ' అని ఒక్క నిట్టూర్పు విడిచాయి, అంతే. పెద్ద పైలట్లు తెచ్చిన ఓడలకు అవి అరిచిన అరుపులు నాకు తెలుసు.

మా తాళ్లవాళ్ల దగ్గర ఓ పద్ధతి ఉంది. కొత్త పైలట్ మొదటిసారి ఒంటరిగా పెద్ద ఓడ తెస్తే, మొదటి తాడు ఆ ఇంటి మనిషి గట్టు మీది గుంజకు తగిలించాలి. పైలట్లవాళ్ల ఇంటి మనుషులు సున్నితం. ఉత్తినే చెయ్యి ఆనించి ఫొటో తీయించుకుంటారు, మోసేదీ వేసేదీ మావాళ్లే. కానీ తాళ్లవాడి ఇంటి నుంచి పైలట్ రావడం ఈ రేవు పుట్టాక ఇదే మొదటిసారి. ఇప్పుడు మేస్త్రీగా ఉన్నవాణ్ణి మేమంతా మైకు అంటాం, వాడి గొంతు అవతలి ఒడ్డుకు వినిపిస్తుంది. వాడు గేటు దగ్గరే ఎదురొచ్చి, "అన్నా, నువ్వు చెయ్యి ఆనించు చాలు, మేం వేస్తాం" అన్నాడు. "ఎవడి చెయ్యి ఎవడు ఆనించేది! తప్పుకోండి" అన్నాను. ఒప్పుకోక ఏం చేస్తాడు, వాడికి తాడు పట్టుకోవడం నేర్పింది నేను.

ఓడ మీంచి సన్నటి విసురు తాడు వచ్చి గట్టు మీద పడింది. కుర్రాళ్లతో కలిసి లాగాను. దాని వెనక నా తొడంత లావు తాడు, కొసన ఉచ్చులా పెద్ద కన్ను. ఆ కన్నును నా భుజం మీదికెత్తుకుని, ఇనప గుంజ దగ్గరికి మోసి, నా రెండు చేతులతో తగిలించాను. తగిలిస్తూ తలెత్తి చూశాను. ఎనిమిది అంతస్తుల ఎత్తున, పై గది బయట రెక్కలాంటి వసారాలో, టోపీ పెట్టుకుని నా అమ్మలు! కిందికి చూస్తోంది! నేను చెయ్యి ఊపాను. అదీ ఊపింది. మావాళ్లంతా చప్పట్లు. నా కళ్లకు ఇంకేమీ కనిపించలేదు.

రెండో తాడు మావాళ్లు దాని పైనే వేశారు. అమ్మలు కిందికి దిగొచ్చి, "సంతకం పెట్టి వచ్చాను నాన్నా" అంది.

"ఏం సంతకం?"

"ఓడ భద్రంగా కట్టాం అని. పైలట్ చూసి పెట్టాలి, అది లేకుండా దిగకూడదు."

సంతకం! నేను వేలిముద్ర దాటి సంతకం నేర్చుకున్నది దీని స్కూలు చీటీల కోసం.


మార్చి 5, బుధవారం. పోటు నిండు: 10:30

సబ్బు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

మంగలి కుర్చీలో ఉన్నాను. సగం గడ్డం అయింది, నిన్నటి కబురు మూడోసారి చెబుతున్నాను. "మామా, కదలకండి, చెవి పోతుంది" అంటున్నాడతను. ఇంతలో నది వైపు నుంచి కూత. పొట్టి కూతలు ఐదు, మళ్లీ ఐదు. ఆ కూత సంగతి నాకు తెలుసు. ప్రమాదం, తప్పుకోండి అని.

సబ్బు మొహంతోనే పరిగెత్తాను. ఎర్ర పొట్ట ఓడ ముక్కు గట్టు వదిలి నది మధ్యకు పోయింది. తోక వెనక్కి తిరిగి, పడవ ప్రయాణికులు ఎక్కే తేలే ప్లాట్‌ఫారాన్ని అగ్గిపెట్టెలా నలిపేసింది. పడవ అప్పుడే వెళ్లిపోయింది కాబట్టి సరిపోయింది. టికెట్లు చింపే ఆయన నీళ్లలోకి దూకితే బయటికి లాగారు. భుజం ఎముక విరిగింది. ప్రాణానికేం ఫర్వాలేదట.

అమ్మలు ఓడలో లేనే లేదు. నిన్న కట్టి దిగిపోయింది. దానికేం సంబంధం?


మార్చి 6, గురువారం. పోటు నిండు: 11:20

సంబంధం ఉందట!

రేవు ఆఫీసువాళ్లు అమ్మలును పని ఆపేయమన్నారు. విచారణ అయ్యేదాకా ఏ ఓడా ఎక్కకూడదట, లైసెన్సు వాళ్ల బల్ల సొరుగులో. పత్రికలో వేశారు, 'తొలి మహిళా పైలట్ తెచ్చిన ఓడ తాళ్లు తెగిపోయాయి' అని. ఓడను తెచ్చింది నా కూతురే, తెగింది మర్నాడు. ఆ మర్నాడు అనే మాటకు ఆ పేపర్లో చోటు చాలలేదు కాబోలు! మొన్న ఒంటరిగా తెచ్చినప్పుడు ఒక్క ముక్క రాయడానికి ఎవరికీ సిరా లేకపోయింది. పెద్ద పైలట్ అయితే టీ కొట్టు దగ్గర నిలబడి, "ఈ కాలం పిల్లలకు తొందర" అన్నాడట. ఈ పెద్దమనిషి జమానాలో రెండుసార్లు మా గట్టు అంచు పగలగొట్టాడు. అప్పుడు దాన్ని గాలి అన్నారు. ఆయన చేస్తే గాలి, నా పిల్ల చేస్తే తొందర!

జరిగింది ఇది. ముందు నుంచి గట్టుకు కట్టి ఉన్న గోధుమల ఓడ నిన్న వెళ్లాలి. దాని వెనక తాడు, అమ్మలు ఓడ ముందు తాడు ఒకే గుంజ మీద ఉన్నాయి. గోధుమల ఓడ తాడు కింద, మన ఓడ తాళ్లు రెండూ దాని మీద. కింది తాడు రాలేదు. నది దిగువన ఇసుక మెట్ట దాటాలంటే నిండు నీళ్లుండాలి, అందుకని గోధుమల ఓడకు తొందర. పై తాళ్లు రెండూ తీసి కిందిది విడిపించబోయారు. ఈలోగా ఆటు మొదలైంది. ముందు తాళ్లు లేని ఓడ ముక్కుకూ గట్టుకూ మధ్య నది దూరింది. దూరి నెట్టింది. మిగతా తాళ్లు పటపటా తెగిపోయాయి.

ఆ తాడు వేసిన వెధవ ఎవడు? పసిపిల్లకైనా తెలుసే! గుంజ మీద ముందే ఒకరి తాడు ఉంటే, మన తాడు కన్నును దాని కన్నులోంచి కింది నుంచి పైకి దాటించి, అప్పుడు గుంజకు తగిలించాలి. అలా వేస్తే ఎవరు ముందు వెళ్లినా ఎవరి తాడు వాళ్లు తీసుకుపోవచ్చు. దాటించకుండా ఊరికే పైన పడేస్తే కింది తాడు ఖైదీ! ఇదొక విద్యా? మొదటి రోజు పాఠం! నలభై ఏళ్లు ఎంతమందిని తిట్టాను దీని కోసం! ఈ కాలం తాళ్లవాళ్లకు చేతులు లేవు, సెల్‌ఫోన్లున్నాయి.

వాడి తప్పుకు నా కూతురు సంతకం బలి.


మార్చి 7, శుక్రవారం. పోటు నిండు: 12:10

ఎవడు వేశాడు? తేలాలి.


మార్చి 8, శనివారం. పోటు నిండు: 1:00

నేను వేసింది మొదటి తాడు. మొదటి తాడు నేను సరిగ్గానే వేసుంటాను. నలభై ఏళ్లు వేశాను. రెండోది వాళ్లు వేశారు, గొడవ దానిదే. ఇది రాసి పెట్టుకోవడం మంచిది.

అమ్మలు రెండు రోజులుగా తన గదిలోనే కూర్చుని బట్టలు మడత పెడుతోంది. మడతపెట్టినవే విప్పి మళ్లీ మడత పెడుతోంది. నేను వెళ్లి, "నువ్వేం బెంగ పెట్టుకోకు తల్లీ, ఆ తాడు వేసినవాణ్ణి పట్టుకుని ఆఫీసు మెట్ల మీద నిలబెడతాను" అన్నాను.

"వద్దు నాన్నా" అంది. చేతిలో చొక్కా మళ్లీ విప్పింది.

"వద్దేంటి! వాడికి నోరు లేదా, వచ్చి ఒప్పుకోడానికి?"

"సంతకం నాది. చూడాల్సింది నేను."

ఇంత మంచితనం పనికిరాదు. వాళ్లమ్మ పోలిక.


మార్చి 9, ఆదివారం. పోటు నిండు: 1:50

మైకు వచ్చాడు. వాడు నెమ్మదిగా మాట్లాడటం నేను ఇవాళే విన్నాను, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"అన్నా, ఆ రోజు గట్టు మీద ఎవరెవరున్నారని ఆఫీసులో అడిగారు. మేం ఆరుగురమే అని చెప్పాను. నువ్వు కూడా ఎక్కడా నోరెత్తకు."

"నేనెందుకు నోరెత్తకూడదు? నేనేం దొంగనా?"

"దొంగవని కాదన్నా..."

"ఆ తాడు వేసినవాడి పేరు చెప్పు. నీ ఆరుగురిలో ఎవడు?"

వాడు కాఫీ గ్లాసు కింద పెట్టి, పక్కకు జరిపాడు. తర్వాత, "మా తాడు నీ తాడు పైన వేశాం అన్నా. మాది ఎలా వేస్తే ఏం లాభం, కిందిదాన్ని నొక్కింది..." అని ఆగాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాను. నీకు తాడు పట్టుకోవడం ఎవడు నేర్పాడ్రా అన్నాను. నీ పెళ్లికి ఎవడు దగ్గరుండి పందిరి వేయించాడ్రా అన్నాను. నీ చేతకానితనం తెచ్చి నా చేతులకు పూస్తావా, పో బయటికి అన్నాను. వాడు లేచి చెప్పులేసుకున్నాడు. మా ఆవిడతో, "వస్తా వదినా" అన్నాడు.

కాఫీ సగం వదిలేశాడు. మర్యాద తెలియని మనిషి.


మార్చి 10, సోమవారం. పోటు నిండు: 2:40

నలభై ఏళ్లు.


మార్చి 11, మంగళవారం. పోటు నిండు: 3:35

మధ్యాహ్నం నదీ తీరం రోడ్డు మీద ఇనప కమ్మీల దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి మూడో గట్టు కనిపిస్తుంది. ఏదో ఓడ కడుతున్నారు. తాళ్లవాళ్లు ఆరుగురు. ఒక్కడు కూడా తలెత్తలేదు. ఎత్తరు. ఎందుకెత్తుతారు? పైన ఎవరున్నారో తాళ్లవాడికి అనవసరం. నలభై ఏళ్లలో నేను ఏ ఓడ పై గది వైపూ చూసింది లేదు. కళ్లు గుంజ మీద, చేతులు తాడు మీద. అలా ఉంటేనే వేళ్లు మిగులుతాయి.

నాలుగో తారీకు నేను తలెత్తాను.

కన్ను భుజం మీద ఉంది. గుంజ మీద గోధుమల ఓడ తాడు ఉంది. చూశాను, ఉందని తెలుసు. వంగి దాని కన్నులోకి చెయ్యి పెట్టాలి. అప్పుడు తలెత్తాను. తర్వాత నా కన్ను గుంజ మీద ఉంది. మధ్యలో ఏం చేశానో ఎంత గింజుకున్నా గుర్తుకు రావడం లేదు. చెయ్యి ఊపింది గుర్తుంది. ఊపాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి కదా.

నేనే వేశాను. ఆ వెధవను నేనే.

ఇంతగా ఒళ్లు మండటం నాకు ఎన్నడూ ఎరుక లేదు, అదీ నా మీద నాకే.


మార్చి 12, బుధవారం. పోటు నిండు: 4:30

పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకు చెప్పాను, ఆ తాడు నాదే అని. అది ఉల్లిపాయ తరుగుతూ, "తెలుసు" అంది.

"తెలుసా!"

"అయిదో తారీకు సాయంత్రమే మైకు ఫోన్ చేసి అమ్మాయికి చెప్పాడు. అమ్మాయి నాకు చెప్పింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వెళ్లి ఆఫీసులో అరుస్తారని."

చూశారా! ఊరందరికీ తెలుసు, నాకు తప్ప! వారం రోజులుగా 'వాడెవడు, వాడెవడు' అని నేను ఇల్లంతా తిరుగుతుంటే తల్లీ కూతుళ్లు చూస్తూ కూర్చున్నారు. ఇదేం సంసారం?

అమ్మలు గదిలోకి వెళ్లాను. "ఆఫీసుకు వెళ్తున్నాను, చొక్కా ఇస్త్రీ చెయ్యి" అన్నాను.

"వెళ్లొద్దు నాన్నా. నువ్వు చెబితే మైకు బాబాయి ఉద్యోగం పోతుంది. బయటి మనిషిని గట్టు మీదికి రానిచ్చాడని రాస్తారు."

"బయటి మనిషా! నేనా! ఆ గట్టు కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు నా కాలి ముద్ర పడింది, వెళ్లి చూసుకోమను!"

"అది వాళ్ల ఫైల్లో లేదు నాన్నా."

"మరి నీ లైసెన్సు?"

"నా లైసెన్సు సంగతి నేను చూసుకుంటాను." గొంతు పెంచింది. నా మీద అమ్మలు గొంతు పెంచడం ఇదే మొదలు. "నువ్వు తాడు వేశావు, నేను సంతకం పెట్టాను. చూడకుండా పెట్టాను. పైలట్ నువ్వా, నేనా?"

నేనే ఇస్త్రీ చేసుకున్నాను. కాలర్ కాలింది. అయినా వెళ్లాను. ఆఫీసు గుమాస్తా, విచారణ సోమవారం, అప్పుడు రండి అన్నాడు. నిజం చెప్పడానికి కూడా అపాయింట్‌మెంట్ కావాలట.


మార్చి 15, శనివారం

మైకు ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే, "నేనే వేశానురా" అన్నాను. వాడు, "లోపలికి రా అన్నా, వీధికంతా వినిపిస్తోంది" అన్నాడు. ఈ మాట అనడానికి వాడికి హక్కు లేదు. అయినా పడ్డాను.

సోమవారం చెప్పేస్తానన్నాను. నీకు దెబ్బ తగులుతుందన్నాను. వాడు కాసేపు మెడ రుద్దుకుని, "అమ్మలు నా భుజాల మీద ఎక్కి ఓడలు చూసిన పిల్ల. చెప్పెయ్ అన్నా. ఆరుగురమే అని అబద్ధం చెప్పాక నాకూ అన్నం సయించడం లేదు" అన్నాడు.

ఇలాంటివాణ్ణి పో బయటికి అన్నాను.


మార్చి 17, సోమవారం

ఏ వరుసలో రాయను? కోపంలో అన్నీ కలిసిపోతున్నాయి.

బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కళ్లజోడు విచారణ అధికారి, పక్కన పెద్ద పైలట్, ఇంకొకాయన కాగితాలు తిప్పడానికి. అమ్మలు నిలబడి ఉంది. నన్ను చూసి కళ్లు మూసుకుంది.

అంతా చెప్పాను. నా చేతులతో నేనే వేశాను, కన్ను దాటించలేదు, తప్పు నాది అన్నాను. కళ్లజోడాయన కలం పక్కన పెట్టి నవ్వాడు. నవ్వాడు! "పెద్దాయనా, కూతురి మీద మీకున్న ప్రేమ మాకు అర్థమవుతుంది. కానీ విచారణలో ఇలాంటివి..."

"ఇలాంటివి అంటే? నేను అబద్ధం చెబుతున్నాననా?"

"అలా అనలేదు."

"అన్నారు! మీ కళ్లజోడు అంది!"

జీవితంలో ఎన్ని చిన్న అబద్ధాలు ఆడానో, అన్నీ నమ్మారు జనం. తలకాయ పళ్లెంలో పెట్టి నిజం తెస్తే, అది ప్రేమట!

పెద్ద పైలట్ అన్నాడు: "ఈయన్ని నలభై ఏళ్లుగా ఎరుగుదును. మా ఓడలన్నీ ఈయన చేతి మీద కట్టినవే. ఈయన కన్ను దాటించకుండా వేయడం జరగని పని." నన్ను మెచ్చుకుంటూ నా పిల్ల పీక కోస్తున్నాడు.

నిరూపించమన్నారు. అందరూ గట్టు మీదికి దిగారు. గుంజ మీద ఒక తాడు వేసి, ఇంకోటి నా చేతికిచ్చి, "ఆ రోజు చేసినట్టే చేయండి" అన్నారు. కన్ను భుజం మీదికెత్తాను. గుంజ దగ్గరికి నడిచాను. వంగాను. నా చెయ్యి తనంతట తాను కింది కన్నులోకి దూరి, నా కన్నును పైకి లాగి, దాటించి, గుంజకు తగిలించింది. చూస్తే శుభ్రంగా, పుస్తకంలో బొమ్మలా ఉంది.

"చూశారా" అన్నాడు పెద్ద పైలట్.

"ఆగండి బాబూ, మళ్లీ చేస్తాను" అన్నాను. ఈసారి పట్టుబట్టి పైన పడేశాను. "ఇప్పుడు కావాలని చేశారు" అన్నాడు కళ్లజోడాయన. గుమాస్తా కూడా నవ్వాడు. ఎవరికైనా ఇలాంటి గతి పట్టిందా? నేను తప్పు చేశాను బాబోయ్ అని గుండెలు బాదుకుంటుంటే, లేదు లేదు మీరు మంచివారు అని సముదాయిస్తున్నారు! నా సొంత చేతులే నాకు ఎదురు సాక్ష్యం చెప్పాయి. వాటిని ఆ నదిలో పారేద్దామనిపించింది.

అప్పుడు అమ్మలు ముందుకు వచ్చింది.

"మా నాన్న చెప్పింది నిజం సార్. మొదటి తాడు ఆయనే వేశారు. నేను పైనుంచి చూస్తున్నాను."

"తాడు కన్ను దాటించకపోవడం చూశారా?"

"లేదు."

"చూస్తున్నానన్నారు కదా?"

"మా నాన్నను చూస్తున్నాను సార్."

గట్టు కింద ఆటు నీళ్లు గలగలా పోతున్నాయి.

"ఆయన నా వైపు చూసి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. ఆయన గుంజ వైపు చూడాల్సిన క్షణం అది. నేను తాడు వైపు చూడాల్సిన క్షణం కూడా అదే. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత అన్ని తాళ్లూ చూసినట్టు సంతకం పెట్టాను. ఇన్నాళ్లూ సంతకం నాది అని మాత్రమే చెప్పాను. చూడలేదని చెప్పలేదు, సిగ్గేసి."

మైకు గుంపులోంచి, "నేనూ చూళ్లేదు సార్, చప్పట్లు కొడుతున్నాను" అన్నాడు, వాడి మామూలు గొంతుతో. అవతలి ఒడ్డున ఎవరో తల తిప్పారు.

కళ్లజోడాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, రాయడం మొదలుపెట్టాడు. నా మాట నమ్మనివాడు దాని మాట నమ్మాడు. నమ్మడా మరి! ఎలా మాట్లాడిందని! ఒక్క తడబాటు లేదు, ఒక్క ఏడుపు లేదు. నా కడుపున పుట్టిందా అనిపించింది. ఇంత మండిపోతూ కూడా లోపల ఎక్కడో పొంగిపోయాను. నన్నేం చేయాలి?


మార్చి 20, గురువారం

టికెట్లు చింపే ఆయన్ను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. ఆ తాడు నాదే, క్షమించమన్నాను. భుజానికి కట్టుతో పడుకుని, "ముప్ఫై ఏళ్లు నది మీద పని చేశాను, ఈత రాదు. మీరొచ్చి నేర్పారు" అన్నాడు. నవ్వబోయి నొప్పికి మూలిగాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్లావిడ నాకు కుర్చీ వేయలేదు. వేయకపోవడమే న్యాయం.


మార్చి 27, గురువారం

ఉత్తర్వు వచ్చింది. అమ్మలు చదివి వినిపించింది.

అమ్మలుకు లైసెన్సు తిరిగి ఇచ్చారు, తప్పు మాత్రం రికార్డులో రాశారు. ఇకనుంచి పైలట్లందరూ ప్రతి తాడూ విడివిడిగా చూసి, విడివిడిగా గుర్తు పెట్టి, అప్పుడే సంతకం చేయాలట. పెద్ద పైలట్ కూడా! అది బాగుంది. మైకును మూడు నెలలు మేస్త్రీ పని నుంచి తప్పించారు, మామూలు తాళ్లవాడిగా ఉండాలి. "మళ్లీ చేతులు గట్టిపడతాయిలే" అన్నాడట. మొదటి తాడు ఇంటి మనిషి వేసే పద్ధతి రద్దు. మా తాతల కాలం నుంచి ఉన్నది, నాతో పోయింది.

ఇక నన్ను జీవితాంతం రేవు గేటు లోపలికి రానివ్వకూడదట. జీవితాంతం! నాకు మిగిలిన జీవితం ఎంతని అంత పెద్ద మాట వాడారు? రెండేళ్లు అని రాస్తే కాగితం చిరుగుతుందా? నలభై ఏళ్లు తాళ్లు వేసినవాణ్ణి, దొంగలను రాసే పుస్తకంలో రాస్తారా?

చాలాసేపు అరిచాను. అమ్మలు విని, "అయిందా?" అంది.

"కాలేదు."

"అయ్యాక చెప్పు. వచ్చే గురువారం నాకు ఓడ ఇచ్చారు. అదే మూడో గట్టు."

నేను అరుపు ఆపి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"నది రోడ్డు మీదికి కూడా రావద్దు నాన్నా. కమ్మీల దగ్గర నువ్వుంటే నాకు కనిపిస్తావు. నువ్వు కనిపిస్తే నేను చూస్తాను. నన్ను నేను ఎరుగుదును."

గేటు వాళ్లది, వాళ్లు మూసుకోవచ్చు. రోడ్డు నా కూతురు మూసింది. దీని మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?


ఏప్రిల్ 3, గురువారం. పోటు నిండు: 9:55

ఎనిమిదిన్నరకు బయటి గది కిటికీ మా ఆవిడే వేసేసింది. "గాలి ఆడదు" అన్నాను. "గంటసేపు ఆడకపోతే ఎవరూ చచ్చిపోరు" అంది. కుర్చీ వంటింటి వైపు తిప్పుకుని కూర్చున్నాను.

ఇంత కష్టమైన పని నేను ఎప్పుడూ చేయలేదు. వానలో, గాలిలో, నీళ్లు గట్టెక్కిన రోజుల్లో తాళ్లు లాగాను. అదంతా ఏం కష్టం! కూర్చోవడం, కష్టమంటే అది. తొమ్మిదీ పదికి వంపు దగ్గర కూత వినిపించింది. ఒక పొడుగు కూత. నా కాళ్లు లేచాయి. మా ఆవిడ గరిటె చూపించింది. కూర్చున్నాను. తొమ్మిదీ నలభైకి టగ్గుల చప్పుడు. యాభైకి ఏమీ లేదు. యాభై అయిదుకు ఏమీ లేదు. నీరు నిలబడి ఉంటుంది ఇప్పుడు. పది గంటలు. ఇంకా లేదు. నీరు తిరుగుతోంది, ఏం చేస్తోంది ఈ పిల్ల? పోయినసారి పన్నెండు నిమిషాలే కదా! పదీ పది. పదీ పావు. ఓడ ఆనించడం ఒక నిమిషం ఆలస్యమైనా నాకు తెలుస్తుంది, అలాంటిది పావుగంట! తిట్టాల్సినవాళ్లందరినీ ఒక చుట్టు తిట్టేశాను, పెద్ద పైలట్ దగ్గర మొదలుపెట్టి నది దాకా.

పదీ ఇరవై రెండుకు ఫోన్ మోగింది.

"నాన్నా, కట్టేశాం."

"ఇంతసేపా! ఏమైంది?"

"ఏం కాలేదు. ఓడ ఎప్పుడో ఆనింది. తాళ్లు చూశాను. ఒక్కొక్కటీ, కొస నుంచి కొసదాకా. ఎనిమిది. రెండోది దాటించారో లేదో పైనుంచి సరిగ్గా కనిపించలేదు, దిగి వెళ్లి చూసొచ్చాను."

"దాటించారా?"

"దాటించారు. అప్పుడు సంతకం పెట్టాను."

"వేసింది ఎవరు? మైకేనా?"

వెనక నుంచి తాళ్లు చుట్టే వించీ రొద, ఎవరో పిలుస్తున్నారు.

"తెలీదు నాన్నా. మొహాలు చూళ్లేదు" అని పెట్టేసింది.

మా ఆవిడ గరిటె పట్టుకుని, "ఏమంది?" అని అడిగింది. చెప్పబోయి కళ్లు తుడుచుకున్నాను. "దానికి ఏడుస్తారెందుకు?" అని కసిరింది, అదీ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

మొహాలు చూడలేదట! మైకు మొహం కూడా! ఇంత మంచి మాట నా కూతురు నాతో ఎప్పుడూ అనలేదు.